వాక్సంశ్లేషణ: నిత్యవ్యవహారంలో, పరిశోధనలో

రాతలో ఉన్న పాఠ్యాన్ని తీసుకొని, మనిషి జోక్యం లేకుండా, చెవికి వినిపించే మాటగా మార్చే కంప్యూటరు ప్రక్రియను వాక్సంశ్లేషణ అంటారు. వాడుకలో దీనికి టెక్స్ట్ టు స్పీచ్ అనీ, క్లుప్తంగా టీటీఎస్ అనీ పేరు. ముందే రికార్డు చేసి ఉంచిన వాక్యాన్ని మళ్ళీ వినిపించే ఏర్పాటు దీని కిందికి రాదు, ఎందుకంటే అంతకు ముందు ఎవరూ పలకని వాక్యాన్ని ఇచ్చినా చదవగలగడమే ఈ ప్రక్రియకు ప్రాణం. చూపులేని విద్యార్థి పాఠ్యపుస్తకం చదువుకోవడం, గొంతు కోల్పోయిన మనిషి ఇంట్లోవాళ్ళతో మాట్లాడడం, కిరాణా దుకాణంలో డబ్బు అందిన సంగతిని చిన్న పెట్టె పలకడం, పసిపిల్లల చెవి భాషకు ఎలా అలవాటు పడుతుందో ప్రయోగశాలలో కనిపెట్టడం వంటి ఎన్నో పనులకు ఇది సాధనమైంది. యంత్రపు గొంతు మనిషి గొంతులా ఉందా లేదా అన్న ఒక్క కొలతతో ఈ సాంకేతికతను తూచడం లోకంలో అలవాటైపోయింది. అయితే ఒక్కొక్క ఉపయోగం గొంతు నుంచి ఒక్కొక్క గుణాన్ని కోరుతుంది: వేగంగా చదువుకొనేవారికి స్పష్టత ముఖ్యం, మాట కోల్పోయినవారికి తమదన్న గొంతు ముఖ్యం, పరిశోధకులకు ధ్వనిలోని ఒక్కొక్క అంశాన్నీ విడిగా మార్చగల అదుపు ముఖ్యం. ఈ భేదాన్ని పట్టించుకోకపోతే, ఎప్పుడో పాతబడిందనుకొన్న గొంతును కొందరు నేటికీ ఎందుకు వదులుకోరో అర్థం కాదు.

రాత మాటగా మారే తీరు

ప్రక్రియ రెండు అంచెలుగా సాగుతుంది. మొదటి అంచె పాఠ్య విశ్లేషణ. ఇందులో కంప్యూటరు అక్షరాలనూ అంకెలనూ విరామ చిహ్నాలనూ చూసి ఏ మాట పలకాలో, ఎక్కడ ఆగాలో, గొంతు ఎక్కడ ఎత్తి ఎక్కడ దించాలో నిర్ణయిస్తుంది. రెండో అంచెలో ఆ నిర్ణయాలకు తగిన ధ్వని తరంగాన్ని తయారుచేస్తుంది. వినేవారి దృష్టికి వచ్చేది రెండో అంచె. వ్యవస్థలు తరచుగా తడబడేది మొదటిదానిలో.

తెలుగును రాసినట్టే చదువుతామన్న నమ్మకం చాలామందికి ఉంది, ఇంగ్లీషుతో పోల్చినప్పుడు అది చాలావరకు నిజం కూడా. ఇంగ్లీషుకు పెద్ద ఉచ్చారణ నిఘంటువు అవసరమైతే, తెలుగుకు కొద్దిపాటి సూత్రాలతో పని మొదలుపెట్టవచ్చు. అయినా సూత్రాలు చాలని చోట్లు ఉన్నాయి. 'చాప', 'చాలు' అన్న దేశ్యపదాల్లో చకారం దంత్యంగా పలుకుతుంది, 'చరిత్ర', 'చక్రం' అన్న సంస్కృతపదాల్లో తాలవ్యంగా పలుకుతుంది. 'జాలి'లోని జకారం ఒకటి, 'జలం'లోనిది మరొకటి. చిన్నయసూరి బాలవ్యాకరణం ఈ భేదాన్ని గుర్తించింది, దంత్యాలను చూపడానికి ౘ, ౙ అన్న లిపి సంకేతాలు కూడా ఉన్నాయి. నేటి రాతలో ఆ సంకేతాలు దాదాపు కనుమరుగైనందువల్ల, ఒక పదం దేశ్యమా తత్సమమా అన్న తెలివిని యంత్రానికి విడిగా సమకూర్చవలసి వస్తుంది. 'వచ్చాడు', 'వస్తాడు' అన్న క్రియల్లో కూడా ఇటువంటి చిక్కే ఉంది: రాతలో రెండింటా కనిపించేది ఆకారమే, కాని భూతకాల రూపాన్ని చాలామంది 'బ్యాంకు' అన్న మాటలో వినిపించే అచ్చుతో పలుకుతారు, భవిష్యత్ రూపాన్ని మామూలు ఆకారంతో పలుకుతారు.

అంకెల సంగతి మరింత చిక్కు. '1947' అన్నది సంవత్సరమైతే పందొమ్మిది వందల నలభై ఏడు, రూపాయలైతే వెయ్యి తొమ్మిది వందల నలభై ఏడు, ఫోను నంబరులో చివరి భాగమైతే ఒకటి, తొమ్మిది, నాలుగు, ఏడు. '3 పుస్తకాలు' అన్నది మూడు పుస్తకాలే, కాని '3 మంది పిల్లలు' అని రాసి ఉన్నచోట తెలుగువారు ముగ్గురు పిల్లలు అని చదువుకొంటారు. 'మూడు మంది' అని యంత్రం పలికితే ఆ గొంతు ఎంత శ్రావ్యంగా ఉన్నా, చదివినది తెలుగు రానివారని వినేవారికి వెంటనే తెలిసిపోతుంది. '5కి రండి' అన్నది గడియారపు సమయమైతే అయిదింటికి, '5కి 2 కలపండి' అన్న లెక్క అయితే అయిదుకి. 'రూ.', 'డా.', 'క్రీ.శ.' వంటి సంక్షిప్తాలను విప్పి చదవాలి, వాటి చివరనున్న చుక్కను వాక్యాంతమని పొరబడకూడదు. ఇటువంటి రాతనంతటినీ పూర్తి మాటలుగా విడమరచే పనికి పాఠ్య సాధారణీకరణ అని పేరు; దీనికి వ్యాకరణమూ కావాలి, సందర్భజ్ఞానమూ కావాలి. తెలుగు పదాలకు ప్రత్యయాలు అతుక్కొని, సంధులు కలిసి, ఒక్కొక్క నామానికీ క్రియకూ లెక్కలేనన్ని రూపాలు ఏర్పడతాయి కాబట్టి అన్నింటి ఉచ్చారణనూ పట్టికగా రాసిపెట్టడం అసాధ్యం. పైగా నేటి సందేశాల్లో రోమను లిపిలోని ఇంగ్లీషు మాటలూ, అదే లిపిలో రాసిన తెలుగు మాటలూ ఒకే వాక్యంలో కలిసి వస్తాయి. చదివే తీరును రచయితే సూచించడానికి వీలుగా ఎస్ఎస్ఎంఎల్ అన్న గుర్తుల భాషను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2004లో ప్రమాణంగా ప్రకటించింది. ఎక్కడ ఆగాలి, ఏ మాటను నొక్కి పలకాలి, ఈ అంకె తేదీనా సంఖ్యా అన్న సూచనలను దీనితో పాఠ్యంలో పొందుపరచవచ్చు.

పలికించే పద్ధతులు

యంత్రంచేత మాట పలికించాలన్న ఆలోచన కంప్యూటరు కన్నా చాలా పాతది. 18వ శతాబ్దం చివరి భాగంలో క్రిస్టియన్ క్రాట్జెన్‌స్టైన్ నోటి కుహరాన్ని అనుకరించే గొట్టాలతో అచ్చులు పలికించాడు. వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ తిత్తి, రెల్లు నాలుక, రబ్బరు నోరు అమర్చిన యంత్రంతో పదాలనే పలికించి, ఆ వివరాలను 1791లో గ్రంథంగా ప్రచురించాడు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన హోమర్ డడ్లీ రూపొందించిన వోడర్ అన్న విద్యుత్ యంత్రాన్ని 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో చూపారు. మీటలూ కాలి పెడలూ ఉన్న ఆ యంత్రం నుంచి వాక్యాలు రాబట్టడానికి నడిపేవారికి సుదీర్ఘమైన శిక్షణ అవసరమైంది. అంటే అప్పటికి యంత్రం పలుకుతున్నదే గాని చదవడం లేదు. 1961లో అవే ప్రయోగశాలల్లో ఒక ఐబీఎం కంప్యూటరు 'డైసీ బెల్' పాటను పాడింది. ఆ పాటను స్వయంగా విన్న ఆర్థర్ సి. క్లార్క్, 1968 నాటి '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' కథలో కంప్యూటరుచేత అదే పాట పాడించాడు.

కంప్యూటరు యుగపు మొదటి ముఖ్య పద్ధతి ఫార్మెంట్ సంశ్లేషణ. స్వరతంత్రులు పుట్టించే మూలధ్వని ఒకటి, దాన్ని నోటి, ముక్కు కుహరాలు వడపోసి రూపమిచ్చే తీరు మరొకటి అన్న సిద్ధాంతం దీనికి ఆధారం. స్వీడన్ శాస్త్రజ్ఞుడు గున్నార్ ఫాంట్ 1960లో వెలువరించిన గ్రంథంతో ఈ సిద్ధాంతం స్థిరపడింది. నోటి కుహరంలో బలపడే పౌనఃపున్యాలను ఫార్మెంట్లు అంటారు. ఆ, ఈ, ఊ అన్న అచ్చులను చెవి వేరుగా గుర్తుపట్టేది ప్రధానంగా వీటివల్లనే. ఏ ధ్వనికి ఏ ఫార్మెంట్లు ఎంత ఉండాలో సూత్రాలుగా రాసుకొని, ఎవరి గొంతునూ రికార్డు చేయకుండా ధ్వనిని లెక్కకట్టి పుట్టించడం ఈ పద్ధతి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో డెన్నిస్ క్లాట్ దీన్ని పరిణత దశకు తెచ్చాడు. ఆయన కృషి ఆధారంగా డెక్‌టాక్ అన్న వ్యవస్థ 1980లలో మార్కెట్లోకి వచ్చింది. మనిషి పలికిన గంటల కొద్దీ మాటను రికార్డు చేసి, చిన్న ముక్కలుగా నిల్వచేసి, అవసరమైన ముక్కలను ఏరి అతికించేది రెండో పద్ధతి. పెద్ద నిల్వ నుంచి అతుకు తెలియకుండా సరిపోయే ముక్కలను ఎన్నుకొనే విధానాన్ని ఆండ్రూ హంట్, అలన్ బ్లాక్ 1996లో ప్రకటించారు. ఆ తరవాత జపానులో కెయిచి తొకుదా బృందం గొంతును గణాంక నమూనాగా మలిచే పద్ధతిని వృద్ధిచేసింది.

2016లో డీప్‌మైండ్ సంస్థ ప్రకటించిన వేవ్‌నెట్ ఈ రంగపు గమనాన్ని మార్చింది. సెకనుకు 16,000 చొప్పున ధ్వని నమూనాలను, ముందు వచ్చినవాటిని బట్టి తరవాతిదాన్ని ఊహిస్తూ, నాడీజాలమే (న్యూరల్ నెట్‌వర్కే) ఒక్కొక్కటిగా పుట్టించడం దాని పద్ధతి. 2017లో గూగుల్ పరిశోధకుల టాకోట్రాన్ అక్షరాల నుంచి ధ్వని చిత్రం (స్పెక్ట్రోగ్రామ్) దాకా మొత్తం దారిని యంత్రమే నేర్చుకొనేలా చేసింది. 2023లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన వాల్-ఇ, మూడు సెకన్ల నమూనా వింటే చాలు, ఆ మనిషి గొంతుతో కొత్త వాక్యాలు పలకగలిగింది.

చెవితో చదివేవారు

ఈ సాంకేతికత తొలి ప్రయోజనం చూపులేనివారి చదువు, నేటికీ అతి గాఢమైన ఉపయోగం అదే. రెండో ప్రపంచయుద్ధంలో చూపు పోయిన సైనికులకు చదివే యంత్రం తయారుచేయాలన్న ప్రయత్నమే అమెరికాలోని హాస్కిన్స్ ప్రయోగశాలను మాటల పరిశోధన వైపు మళ్ళించింది. అచ్చు పుటను కెమెరాతో చూసి, అక్షరాలను గుర్తించి, బిగ్గరగా చదివే యంత్రాన్ని రే కర్జ్‌వైల్ 1976లో ప్రదర్శించాడు. అంధ గాయకుడు స్టీవీ వండర్ దాని తొలి కొనుగోలుదారులలో ఒకరు. ఆనాడు పెద్ద పెట్టె అంత ఉన్న ఆ యంత్రం చేసిన పనిని నేడు జేబులోని ఫోను చేస్తుంది.

కంప్యూటరు తెరమీద ఉన్నదంతా చదివి వినిపిస్తూ, మీటలతో ఎటు కదలాలో చెబుతూ నడిపించే సాఫ్ట్‌వేరును స్క్రీన్ రీడర్ అంటారు. ఈ కోవలో జాస్ 1989లో వచ్చింది. ఇటువంటివి కొనడం చాలామందికి భారమైన రోజుల్లో, ఆస్ట్రేలియాకు చెందిన ఇద్దరు అంధ యువకులు మైకేల్ కరన్, జేమ్స్ టే ఉచితంగా పంచిపెట్టదగిన ఎన్‌వీడీఏను తయారుచేశారు. 2006లో మొదలైన ఆ పని భారతదేశం వంటి దేశాల్లో ఎందరికి చదువునూ ఉద్యోగాన్నీ అందుబాటులోకి తెచ్చిందో తలచుకొంటే, ఈ రంగంలో ధ్వని నాణ్యత కన్నా ధర ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. 2009లో ఐఫోనులో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ చేరడంతో స్పర్శతెర ఫోన్లు కూడా అంధులకు వశమయ్యాయి.

స్క్రీన్ రీడర్‌కు అలవాటుపడ్డవారు సాధారణ సంభాషణకు రెండింతలు, అంతకన్నా ఎక్కువ వేగంతో వింటారు. కళ్ళున్నవారు పుట మీద చూపు పరుగెత్తించి అవసరమైన చోట ఆగినట్టే, వారు చెవిని పరుగెత్తిస్తారు. ఆ వేగంలో మనిషి గొంతును పోలిన గొంతు ముద్దకట్టిపోతుంది; హల్లులు కత్తిరించినట్టు విడివిడిగా వినిపించే ఫార్మెంట్ గొంతు మాత్రం నిలుస్తుంది. జొనాథన్ డడ్డింగ్‌టన్ రూపొందించిన ఇ-స్పీక్ అటువంటిది. చూడడానికి చిన్న ప్రోగ్రాము, తెలుగుతో సహా అనేక భాషలు చదువుతుంది, మీట నొక్కిన మరుక్షణం పలుకుతుంది. కొత్తవారికి అది లోహపు గొంతుగా తోచినా, రోజంతా దానితో పనిచేసేవారు దాన్నే ఎన్నుకోవడానికి కారణం స్పష్టతా, ఆలస్యం లేకపోవడమూ. వారి ఎంపికను పాతకాలపు అలవాటుగా కొట్టిపారేయడం పొరపాటు; వినేవారి పనిని బట్టి గొంతును అంచనా వేయాలన్నదానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం లేదు.

2011 జనగణన ప్రకారం భారతదేశంలో దృష్టిలోపం ఉన్నవారు 50 లక్షలకు పైగా ఉన్నారు. వారికి పుస్తకాలను చదవదగిన రూపంలోకి మార్చి ఇవ్వడానికి కాపీహక్కులు అడ్డురాకుండా 2013లో మరకేష్ ఒప్పందం కుదిరింది. దాన్ని మొదట ఆమోదించిన దేశం భారతదేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయ అన్న ఆన్‌లైన్ గ్రంథాలయం ప్రారంభమైంది. 2014 జూలై నుంచి కొత్తగా పెట్టే ఏటీఎంలన్నీ మాట్లాడేవిగా, బ్రెయిలీ మీటలతో ఉండాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. తెలుగు చదువరికి మాత్రం మరొక గోడ మిగిలి ఉంది. యూనికోడులో తెలుగుకు 1991లోనే స్థానం దక్కినా, ఆ తరవాత కూడా చాలాకాలం తెలుగు పుస్తకాలనూ పత్రికలనూ డీటీపీ కోసం తయారుచేసిన పాత ఫాంట్లలో కూర్చారు. ఆ ఫైళ్ళు తెరమీద చక్కని తెలుగుగా కనిపిస్తాయి, కాని లోపల ఉన్నది రోమను అక్షరాల గజిబిజి. స్క్రీన్ రీడర్ ఆ గజిబిజినే చదువుతుంది. బొమ్మలుగా స్కాను చేసిన పుస్తకాలను అసలు చదవలేదు. అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేరు తెలుగు ఒత్తులనూ గుణింతాలనూ తప్పులేకుండా పట్టగలిగిన మేరకే ఆ పుస్తకాలకు గొంతు వస్తుంది.

అక్షరాలు కుదురుగా నిలవని డిస్‌లెక్సియా ఉన్న పిల్లలకు చూపుతో పాటు మాట వినిపిస్తే చదవడం తేలికవుతుంది. వయసుతో చూపు మందగించినవారూ, చదువు రానివారూ, విదేశాల్లో పెరుగుతూ తెలుగు విని అర్థం చేసుకొన్నా చదవలేని పిల్లలూ ఈ సాధనానికి సహజమైన వినియోగదారులే.

పోయిన గొంతుకు బదులు

భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 1985లో న్యుమోనియా వచ్చి, శ్వాస కోసం గొంతుకు శస్త్రచికిత్స జరగడంతో మిగిలిన కొద్దిపాటి మాటను కూడా కోల్పోయాడు. తెరమీద పదాలు ఎన్నుకొని యంత్రంచేత పలికించే ఏర్పాటు ఆయనకు సమకూరింది. ఆ గొంతు డెన్నిస్ క్లాట్ పరిశోధన నుంచి పుట్టినది. ఇంగ్లండులో పుట్టి పెరిగిన మనిషికి అమెరికా యాస ఉన్న గొంతు అది. తరవాతి దశాబ్దాల్లో ఎంతో సహజమైన గొంతులు వచ్చినా ఆయన మార్చుకోలేదు, ఎందుకంటే అప్పటికి ప్రపంచం ఆ గొంతుతోనే ఆయనను గుర్తుపట్టేది. పాత యంత్రం పాడైపోతే గొంతు కూడా పోతుందన్న భయంతో, ఆ పరికరాన్ని సాఫ్ట్‌వేరుగా పునర్నిర్మించే పని ఆయన చివరి సంవత్సరాల్లో జరిగింది.

ఇంకొకరికి కావలసింది తన పాత గొంతే కావచ్చు. కాన్సర్ శస్త్రచికిత్సలతో మాట పోయిన అమెరికా చలనచిత్ర విమర్శకుడు రోజర్ ఎబర్ట్‌కు, అంతకు ముందు ఆయన రికార్డు చేసిన సినిమా వ్యాఖ్యానాల నుంచి ఎడిన్‌బరోకు చెందిన సెరెప్రాక్ సంస్థ 2010లో గొంతు తయారుచేసింది. నాడీకండర వ్యాధులు వచ్చినవారు మాట పూర్తిగా పోకముందే తమ గొంతును రికార్డు చేసి దాచుకోవడాన్ని వాయిస్ బ్యాంకింగ్ అంటారు. ఒకప్పుడు వేల వాక్యాలు చదవవలసి వచ్చిన ఈ పని, ఆపిల్ 2023లో ఫోనులో చేర్చిన ఏర్పాటుతో పావుగంట చదివితే సరిపోయే స్థితికి వచ్చింది. జబ్బుతో అలసిన మనిషికి ఈ తగ్గుదల ఎంత పెద్ద ఉపశమనమో చెప్పనక్కర్లేదు.

కండరాలే కదలనివారి కోసం పరిశోధన నేరుగా మెదడును ఆశ్రయించింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌ఫ్రాన్సిస్కో శాఖలో ఎడ్వర్డ్ చాంగ్ బృందం, మూర్ఛ చికిత్స కోసం మెదడు మీద ఎలక్ట్రోడులు అమర్చిన రోగుల సహకారంతో, మాట్లాడేటప్పుడు వెలువడే సంకేతాలను ముందు నాలుక, పెదవి, దవడ కదలికలుగా, తరవాత ధ్వనిగా మార్చి 2019లో 'నేచర్' పత్రికలో ప్రకటించింది. ఆ వ్యాసపు ప్రథమ రచయిత గోపాలకృష్ణ అనుమంచిపల్లి హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో చదివినవాడు. 2023లో ఇదే పరిశోధన మరింత సాగి, అంతకు 18 సంవత్సరాల కిందట పక్షవాతంతో మాట పోయిన ఒక మహిళ పలకడానికి చేసే ప్రయత్నాన్ని 253 ఎలక్ట్రోడుల ద్వారా గ్రహించి, నిమిషానికి సుమారు 78 పదాల వేగంతో రాతగా మార్చింది. ఆమె పెళ్ళినాటి వీడియోలో మిగిలిన గొంతు ఆధారంగా మాటగా కూడా వినిపించింది.

పదిమందిలో వినిపించే గొంతు

వీధిలో, ప్రయాణంలో వినిపించే యంత్రపు గొంతుల్లో చాలావాటికి పరిమితమైన పదజాలం చాలు. రైల్వేస్టేషన్లలో వినిపించే ప్రకటనల్లో ఎక్కువ భాగం, బండి పేరు, సంఖ్య, ప్లాట్‌ఫారం వంటి రికార్డు ముక్కలను వాక్యపు చట్రంలో అమర్చినవే. తెలుగునేల మీద అవి తెలుగు, హిందీ, ఇంగ్లీషు భాషల్లో వరసగా వస్తాయి. యూపీఐ చెల్లింపులు పెరిగాక దుకాణాల్లో వెలసిన సౌండ్‌బాక్సులు అందిన మొత్తాన్ని తెలుగులో పలుకుతాయి. చేతులు పనిలో ఉన్న వర్తకుడు ఫోను తీసి చూసుకొనే అవసరాన్నీ, డబ్బు పంపినట్టు బుకాయించేవారి మోసాన్నీ ఈ చిన్న పెట్టె ఒకేసారి తగ్గించింది. దారి చూపే మ్యాపులు వీధుల పేర్లు పలకవలసి రావడంతో రికార్డు ముక్కలు చాలక పూర్తి సంశ్లేషణను ఆశ్రయిస్తాయి. అమెరికా వాతావరణ శాఖ రేడియో 1990ల చివర నుంచి హెచ్చరికలను యంత్రపు గొంతుతోనే చదివిస్తున్నది. తుపాను హెచ్చరిక రాసిన క్షణంలోనే ప్రసారం కావడం అక్కడ ప్రధానం, మాధుర్యం కాదు. 2024 మేలో దూరదర్శన్ కిసాన్ చానల్ యాభై భాషల్లో మాట్లాడగల కృత్రిమ వార్తాచదువరులను ప్రవేశపెట్టింది.

పరిశోధన సాధనంగా

మనిషి ఒకే మాటను రెండుసార్లు ఒకే తీరుగా పలకలేడు. ఒక్క అంశాన్ని మాత్రం మార్చి మిగిలినవన్నీ యథాతథంగా ఉంచడం అసలే సాధ్యం కాదు. యంత్రం ఈ రెండూ చేయగలదు కాబట్టి మాట ఎలా వినబడుతుందన్న శాస్త్రం సంశ్లేషణ మీద ఆధారపడి పెరిగింది. హాస్కిన్స్ ప్రయోగశాలలో ఫ్రాంక్లిన్ కూపర్ నిర్మించిన ప్యాటర్న్ ప్లేబ్యాక్ అన్న యంత్రం, పారదర్శకమైన పట్టీ మీద రంగుతో గీసిన ధ్వని చిత్రాన్ని కాంతి సాయంతో శబ్దంగా మార్చేది. గీతలను మార్చి గీస్తూ వినగా, 'ది', 'దు' అన్న అక్షరాల్లో చెవికి ఒకటిగా తోచే దకారానికి ధ్వని చిత్రంలో ఒకే గుర్తు లేదనీ, మొదటిదానిలో రెండో ఫార్మెంట్ పైకి ఎక్కితే రెండోదానిలో కిందికి దిగుతుందనీ తేలింది. అక్షరమాలలోని గుర్తులు ధ్వనిలో పూసల్లా విడివిడిగా ఉండవన్న ఈ ఫలితం, మాటను గుర్తించే యంత్రాల నిర్మాణం ఎందుకంత కష్టమైందో ముందే చెప్పింది. 1957లో ఆల్విన్ లిబర్‌మన్ బృందం 'బ' నుంచి 'ద' మీదుగా 'గ' దాకా సమానమైన చిన్న మెట్లుగా ధ్వనులను తయారుచేసి వినిపించగా, వినేవారు మెట్లను గమనించక ఏదో ఒక చోట ఉన్నట్టుండి ఒక హల్లు నుంచి మరొక హల్లుకు దాటారు. దీన్ని వర్గపరమైన గ్రహణం అంటారు.

1971లో పీటర్ ఐమస్ బృందం ఇటువంటి కృత్రిమ ధ్వనులనే ఒక నెల, నాలుగు నెలల వయసు పసివారికి వినిపించింది. పాలపీకను చప్పరించే వేగం మారడాన్ని బట్టి, 'బ', 'ప'ల మధ్య హద్దు దాటినప్పుడు శిశువులు ఆ మార్పును గమనిస్తున్నారని తెలిసింది. జానెట్ వెర్కర్, క్రిస్ లలోండ్ 1988లో దంత్య 'ద' నుంచి మూర్ధన్య 'డ' వరకు కృత్రిమంగా తయారుచేసిన ధ్వనులను ఇంగ్లీషు కుటుంబాల పిల్లలకు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో ఆ తేడాను పట్టిన పిల్లలు, ఏడాది వచ్చేసరికి పట్టలేకపోయారు. తెలుగు ఇళ్ళలో 'దారి', 'డబ్బు' అన్న మాటలు వింటూ పెరిగే బిడ్డకు ఆ భేదం ఎప్పుడూ అవసరమే. ఇంగ్లీషు బిడ్డకు అవసరం లేనందున చెవి దాన్ని వదిలేస్తుంది. రాబర్ట్ రెమెజ్ బృందం 1981లో ఇంకా దూరం వెళ్ళి, వాక్యాన్ని మూడు ఈలల వంటి స్వరాలకు కుదించింది. అది మాట అని ముందే చెప్పినవారిలో చాలామంది వాక్యాన్ని గుర్తించగా, చెప్పనివారిలో ఎక్కువమందికి విచిత్రమైన శబ్దాలే వినిపించాయి.

ఇండియానా విశ్వవిద్యాలయంలో డేవిడ్ పిసోని బృందం 1980లలో చేసిన ప్రయోగాల్లో, కృత్రిమంగా పలికిన పదాల జాబితాను వినేవారు మనిషి పలికిన జాబితా కన్నా తక్కువగా గుర్తుంచుకొన్నారు. పదం అర్థమైనా, అర్థం చేసుకోవడానికే శ్రమ ఖర్చవడంతో గుర్తుంచుకొనే శక్తి తగ్గిందన్నమాట. ఫోనులో ఎంపికల జాబితా వినిపించే వ్యవస్థలు ఆ జాబితాను పొట్టిగా ఉంచడానికి ఇది శాస్త్రీయమైన కారణం. స్టాన్‌ఫర్డ్‌లో క్లిఫర్డ్ నాస్, క్వాన్ మిన్ లీ 2001లో ప్రకటించిన అధ్యయనంలో, గొంతు యంత్రానిదని తెలిసినా వినేవారు దానికి చొరవనో బిడియాన్నో ఆపాదించి, తమ స్వభావాన్ని పోలిన గొంతును ఎక్కువగా ఇష్టపడ్డారు. సంశ్లేషణ నాణ్యతను కొలవడం మరొక పరిశోధనాంశం: ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేయించి సగటు కట్టడం వాడుకలో ఉన్న పద్ధతి, ఊహించడానికి వీలులేని, అర్థం పొసగని వాక్యాలు వినిపించి రాయించడం మరొకటి. 2005లో అలన్ బ్లాక్, తొకుదా ప్రారంభించిన బ్లిజార్డ్ పోటీలో అందరికీ ఒకే రికార్డింగులు ఇచ్చి, ఎవరి పద్ధతి మంచిదో శ్రోతలచేత తేలుస్తారు. ఇటీవల కృత్రిమ మాటనే, మాటను గుర్తించే వ్యవస్థలకు శిక్షణగా వాడుతున్నారు. రికార్డింగులు తక్కువగా ఉన్న భాషలకు ఇది కొంత ఆసరా.

తెలుగు గొంతులు

తెలుగు సంశ్లేషణకు హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ఒక ముఖ్య కేంద్రం, బి. యజ్ఞనారాయణ, కిశోర్ ప్రహ్లాద్ వంటివారు అక్కడ ఈ పరిశోధనను నడిపారు, తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల రికార్డింగులను అందరికీ అందుబాటులో ఉంచారు. మద్రాసు ఐఐటీలో హేమా మూర్తి నాయకత్వంలో, కేంద్ర ప్రభుత్వ సాయంతో అనేక సంస్థలు కలిసి భారతీయ భాషల గొంతులను తయారుచేశాయి. 2014, 2015 బ్లిజార్డ్ పోటీల్లో తెలుగు కూడా ఉంది. 2022లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వపు భాషిణి కార్యక్రమం, మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ విడుదలచేసిన నమూనాలు ఈ కృషిని నాడీజాలాల కాలానికి తెచ్చాయి.

ఈ గొంతుల్లో చాలావరకు పుస్తకాలనూ వార్తలనూ స్టూడియోలో చదివించి చేసిన రికార్డింగుల నుంచి పుట్టినవి. అందువల్ల వార్త చదివితే బాగుంటాయి. సంభాషణను, కథలోని పాత్రల మాటను చదివినప్పుడు మాత్రం గొంతు ఎక్కుదిగుళ్ళు, అంటే కాకువు, వార్తల ధోరణిలోనే ఉండిపోతుంది. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసల్లో రాసిన కథలు తెలుగులో ఎన్నో ఉండగా, వాటిని ఆ యాసతో చదివే గొంతు చదువరికి దొరకకపోవడం పెద్ద లోటే. ఆ లోటు తీరాలంటే ఆయా ప్రాంతాల మనుషులు తమ తీరులో మాట్లాడిన రికార్డింగులు కావాలి, వాటిని ఓపికగా రాతలోకి ఎక్కించేవారు కావాలి.

అనుకరణ, అనుమతి

కొద్ది సెకన్ల నమూనాతో గొంతు తయారయ్యే స్థితి కొత్త ప్రశ్నలను తెచ్చింది. 2023లో విడుదలైన 'కీడా కోలా' చిత్రంలో దివంగత గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమంగా సృష్టించి వాడారనీ, అందుకు కుటుంబం అనుమతి తీసుకోలేదనీ ఆయన కుమారుడు ఎస్.పి. చరణ్ నోటీసు పంపడం 2024 మొదట్లో చర్చకు వచ్చింది. అదే సమయంలో తమిళ చిత్రం 'లాల్ సలామ్' పాటకు ఏ.ఆర్. రెహమాన్, దివంగతులైన బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను వారి కుటుంబాల అనుమతితో, పారితోషికం చెల్లించి వాడినట్టు ప్రకటించాడు. పాటలో జరిగేది ఒకరి గానాన్ని మరొకరి గొంతులోకి మార్చడం కాబట్టి కచ్చితంగా పాఠ్యం చదవడం కాదు, కాని అడగవలసిన అనుమతి ఒకటే. 2024 జనవరిలో అప్పటి అమెరికా అధ్యక్షుడి గొంతును అనుకరించి న్యూహాంప్‌షైర్ ఓటర్లకు ఫోన్లు వెళ్ళిన తరవాత, కృత్రిమ గొంతుతో చేసే యాంత్రిక ఫోన్లు చట్టవిరుద్ధమని అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఫిబ్రవరిలో ప్రకటించింది. ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన కృత్రిమ మేధ చట్టం, యంత్రం సృష్టించిన ధ్వనికి గుర్తించదగిన ముద్ర ఉండాలని నిర్దేశించింది.

నకిలీ గొంతును పట్టుకోవడం ప్రత్యేక పరిశోధనారంగమైంది. గొంతును బట్టి మనిషిని గుర్తించే వ్యవస్థలను మోసగించే ప్రయత్నాలను కనిపెట్టడానికి 2015లో ఏఎస్‌వీస్పూఫ్ అన్న పోటీ మొదలైంది. దీనికి కావలసిన నకిలీ నమూనాలను సంశ్లేషణ పరిశోధకులే తయారుచేసి ఇస్తారు. ఒక తరం గొంతుల మీద శిక్షణ పొందిన పరీక్షకం తరవాతి తరం గొంతు ఎదురైతే తరచుగా విఫలమవుతుంది కాబట్టి, శిక్షణలో లేని సంశ్లేషణ పద్ధతులను కూడా పరీక్షలో చేర్చి, తెలియని గొంతును ఎంతవరకు పట్టగలరో చూస్తారు.